ఏం కొనకండి, ముందు ఒక అమావాస్యకు రండి: వరంగల్ నుంచి చుక్కల ఫోటోలు తీసుడు ఎట్ల

"అన్నా, చుక్కల ఫోటోలు తియ్యాలని ఉంది, ఏ టెలిస్కోప్ కొనమంటవ్?" నెలకు ఇద్దరు ముగ్గురన్నా అడుగుతరు నన్ను. నా జవాబు ఒకటే, ఏం కొనొద్దు. వచ్చే అమావాస్య దాక ఆగు, ఒక్క రాత్రి మాతోటి రా, తెల్లారినంక కూడ కొనాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం అంట. సగం మంది మళ్ళీ ఫోన్ చెయ్యరు. వచ్చినోళ్ళల్ల ఎక్కువ మంది టెలిస్కోప్ ముచ్చటే మర్చిపోయి మంచి ట్రైపాడ్ ఎక్కడ దొరుకుతది అని అడుగుతరు. అప్పుడు నాకు అర్థమైతది, వీళ్ళు ఉంటరు అని.

నేను హన్మకొండల ఉంట. ఎక్స్‌పర్ట్‌ని కాదు, డే టైం వేరే ఉద్యోగం. కానీ ఈ మూడు నాలుగేండ్లల్ల చేసిన తప్పులు మీరు చెయ్యకుంటే మీకు ఒక సంవత్సరం, ఒక పదివేలు మిగుల్తయి అని ఇది రాస్తున్న.

ముందు గోడ మీద క్యాలెండర్ తియ్యండి

యాప్‌లు తర్వాత. ఇంట్ల తిథులున్న తెలుగు క్యాలెండర్ ఉంటది కదా, అమ్మ పండుగలకు చూసేది, అదే మన మెయిన్ ఎక్విప్‌మెంట్. చుక్కలకు పెద్ద శత్రువు చంద్రుడు. పున్నమి రాత్రి మీరు ఏ అడవిల కూసున్నా ఆకాశం తెల్లగనే ఉంటది. చంద్రుడు రోజుకు దాదాపు 50 నిమిషాలు లేటుగ లేస్తడు కాబట్టి బహుళ అష్టమి వచ్చేసరికి అర్ధరాత్రి దాటితేనే వస్తడు, అంటే పొద్దూకినప్పటి నుంచి అర్ధరాత్రి దాక చీకటి మనదే. అక్కడి నుంచి అమావాస్య మీదుగ శుక్ల చవితి దాక, ఈ పది పన్నెండు రోజులే మనకు నెల. మిగతా రోజులు ఉద్యోగం చేసుకోండి, లేకుంటే చంద్రుడినే తియ్యండి.

ఇంకోటి, పొద్దు మునగంగనే చీకటి అయినట్టు అనిపిస్తది కానీ కెమెరాకు కాదు. సూర్యుడు దిగంతానికి (నేల, ఆకాశం కలిసే గీతకు) 18 డిగ్రీలు కిందికి పోవాలె, మన దగ్గర దానికి గంటా పావు నుంచి గంటా ఇరవై నిమిషాలు పడ్తది. ఆ టైంలనే సామాను సర్దుకోవాలె, చీకట్ల కాదు.

సీజన్ సంగతి మీకు తెలిసిందే. మృగశిర కార్తె తగిలిందంటే మొగులు మొదలు, సెప్టెంబర్ ఆఖరు దాక నమ్మకం లేదు. ఆగస్టు 12, 13న వచ్చే పెర్సీడ్ ఉల్కలు మనకు ఎప్పుడూ మొగుల్లనే పోతయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి, డిసెంబర్ 13, 14 రాత్రి జెమినిడ్స్ మనవి. అక్టోబర్ రెండో సగం నుంచి మార్చి దాక మంచి టైం. డిసెంబర్, జనవరిల ఆకాశం సూపర్ ఉంటది కానీ మంచు లెన్స్ మీద పడ్తది. ఏప్రిల్, మే మస్తు ఉక్క, కెమెరా సెన్సర్ వేడెక్కితే ఫోటోల నాయిస్ (గింజలు గింజలుగ కనపడే మచ్చలు) కూడ పెరుగుతది, అయినా పాలపుంత నడిమి భాగం కావాలంటే ఆ ఉక్కల లేవాల్సిందే, ఏప్రిల్‌ల మబ్బుల మూడు గంటలకు దక్షిణం దిక్కు. (మబ్బుల అంటే తెల్లారకముందు, మొగులు కాదు, ఆంధ్ర దోస్తులు కన్ఫ్యూజ్ కావొద్దు.)

ఇంటి మీది నుంచి ఫోన్ తోటి ఒక వారం

బయటికి పోకముందు డాబా మీద ఒక వారం ప్రాక్టీస్ చెయ్యండి. ఈ మధ్య ఫోన్లల్ల ప్రో మోడ్ ఉంటది, షట్టర్ (ఎంతసేపు వెలుగు లోపలికి రావాలె అనేది) 10 సెకన్లు, ఐఎస్ఓ (వెలుగును ఎంత పెంచి చూపాలె అనేది) 800, ఫోకస్ కొండ గుర్తు దగ్గర, టైమర్ 5 సెకన్లు. ఫోన్‌ను ఇటుకకో బియ్యం డబ్బాకో ఆనించి పెట్టండి, చేతుల పట్టుకుంటే పని కాదు. పిక్సెల్ ఫోన్ ఉన్నోళ్ళకు ఆస్ట్రో మోడ్ అని 4 నిమిషాల దాక అదే తీసుకుంటది. హన్మకొండ నడిమిట్ల నుంచి తీస్తే 10 సెకన్లకే ఆకాశం తెల్లబడ్తది, స్ట్రీట్ లైట్లు అట్ల ఉన్నయి మరి, షట్టర్ 4 సెకన్లకు తగ్గించండి.

ఈ వారంల ఫోటో ముఖ్యం కాదు, దిక్కులు తెల్వాలె. స్టెల్లేరియం యాప్ ఫ్రీ, దాన్ని పెట్టుకొని రోజుకు రెండు చుక్కలు గుర్తు పట్టండి. ధ్రువ నక్షత్రం మొదలు. మనం దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నం కాబట్టి అది ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులనే ఉంటది, చెయ్యి చాపి పిడికిలి పెడితే 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్ళకు జరంత తక్కువ. అంత కిందికి ఉంటది కాబట్టి పక్కింటి వాటర్ ట్యాంక్ వెనుక దాక్కుంటది, కనిపించకుంటే మీ తప్పు కాదు.

తర్వాత పిల్లలకోడి. అదే కృత్తిక. డిసెంబర్ నడుమల రాత్రి పదిన్నర ప్రాంతంల దాదాపు నడినెత్తి మీదికి వస్తది. దీనితోటి ఒక టెస్ట్ ఉంది, ఎన్ని చుక్కలు విడివిడిగ కనపడ్తున్నయో లెక్కపెట్టండి. మా డాబా మీది నుంచి నాకు రెండు మూడు, అది కూడ కండ్లు చికిలిస్తే. ములుగు దాటినంక చూస్తే ఆరు ఖాయం. ఏ జాగకు పోయినా ఫస్ట్ ఇదే లెక్క చూస్త, లైట్ పొల్యూషన్ మ్యాప్‌ల రంగులు చూసుడు కంటే నమ్మకం.

గ్రూప్ ఎట్ల దొరుకుతది

దీని గురించి జర ఎక్కువ రాస్త, ఎందుకంటే మిగతాదంతా వీడియోలల్ల దొరుకుతది, ఇది దొరకదు.

బోర్డు పెట్టుకొని కూసున్న క్లబ్ కోసం వెతకకండి. మన దగ్గర ఇది వాట్సాప్‌ల నడిచే వ్యవహారం, పది పదిహేను మంది, అందుల యాక్టివ్‌గ ఉండేది ఆరుగురు. వాళ్ళను పట్టుకునే జాగలు ఇవి. కాలేజీల ఫిజిక్స్ లెక్చరర్లు, ప్రతి కాలేజీల ఒక్క సారన్నా ఉంటడు చుక్కల పిచ్చి ఉన్నాయన, పోయి సార్ నాకు ఇట్ల ఇంట్రెస్ట్ ఉంది అని చెప్పండి, సంతోషపడ్తడు, ఆయన దగ్గరికి ఈ మాట చెప్పేటోళ్ళు ఎక్కువ మంది రారు. కెమెరా రిపేర్ షాపులు, సెకండ్ హ్యాండ్ లెన్స్ అమ్మేటోళ్ళు, వాళ్ళకు ఎవడు రాత్రులు తిరుగుతడో తెలుసు. ఫిబ్రవరి 28 సైన్స్ డే, ఆగస్టు 23 స్పేస్ డే, అక్టోబర్ 4 నుంచి 10 దాక స్పేస్ వీక్, ఈ రోజులల్ల స్కూళ్ళల్ల టెలిస్కోప్ పెట్టి చూపిస్తుంటరు. గ్రహణం వచ్చినప్పుడు జన విజ్ఞాన వేదిక లాంటి వాళ్ళు గ్రౌండ్‌ల నిలబడి జనానికి చూపిస్తరు, అక్కడ లైన్ల నిలబడి ఒకసారి చూసి రాకండి, అయిపోయేదాక ఉండి ట్రైపాడ్ మడత పెట్టుడుల సాయం చెయ్యండి. నేను గ్రూప్‌ల పడ్డది అట్లనే, ఒక సారు టెలిస్కోప్ డబ్బా మూడు అంతస్తులు దింపిన, దించినంక నంబర్ అడిగిండు.

గ్రూప్‌ల చేరంగనే పెట్టే మొదటి మెసేజ్ గుడ్ మార్నింగ్ బొమ్మ కాకుండ చూసుకోండి. మీది ఏ ఏరియా, కెమెరా ఉందా ఫోన్ ఉందా, బండి ఉందా, రాత్రి ఎన్నింటి దాక ఉండగలుగుతరు, ఇంతే చాలు. బండి ఉందా అనేదే అసలు ప్రశ్న. పెట్రోల్ పంచుకుంటరు, అంతకు మించి ఎవరన్నా రిజిస్ట్రేషన్ ఫీజు, వర్క్‌షాప్ ఫీజు అని వేలల్ల అడిగితే ఒకసారి వాళ్ళు తీసిన ఒరిజినల్ ఫైళ్ళు చూపియ్యమనండి, అక్కడ తేలిపోతది.

ఆడపిల్లలు రావాలంటే ఇంట్ల ఒప్పుకోవుడు కష్టం, తెలుసు. మా దాంట్ల ఇద్దరు వస్తరు, ఒకామె వాళ్ళ నాన్నను తీసుకొని వస్తది, ఆయన ఫస్ట్ రోజు కార్ల కూసొని మొఖం మాడ్చుకున్నడు, నాలుగో నెలకు ఆయనే బైనాక్యులర్ కొన్నడు. గ్రూప్ నడిపేటోళ్ళకు నా మాట ఏందంటే, ఫస్ట్ టైం వచ్చేటోళ్ళకు ఎక్కడికి, ఎవరెవరు, తిరిగి ఎన్నింటికి, ఈ మూడు ముందు రోజే రాసి పెట్టండి, ఇంట్లోళ్ళకు చూపెట్టుకుంటరు.

గ్రూప్ దొరకలేదా, ముగ్గురు ఉంటే చాలు, అదే గ్రూప్. ఒక్కరే మాత్రం పోకండి, ఎందుకో కింద చెప్త.

జాగ చూసుకునుడు

మ్యాప్ తీసి హన్మకొండ ఎక్కడుందో చూసుకొని, మీకు కావాల్సిన దిక్కుల సిటీ లేకుండ జాగ ఎంచుకోవాలె, ఇదొక్కటి అర్థమైతే సగం పని అయినట్టే. ములుగు మనకు ఈశాన్యం. అంటే ములుగు దగ్గర నిలబడితే వరంగల్ వెలుగు నైరుతిల, కాషాయం కలర్ గుమ్మటం లెక్క కనపడ్తది. అక్టోబర్ సాయంత్రం పాలపుంత నడిమి భాగం దిగేది సరిగ్గ ఆ నైరుతిలనే, మొత్తం ఆ వెలుగులనే మునిగిపోతది. అదే నర్సంపేట దాటి పాకాల వైపు పోతే సిటీ పడమరకు పోతది, నైరుతి, దక్షిణం బతుకుతయి. ఏప్రిల్ మబ్బుల అయితే పాలపుంత దక్షిణంలుంటది కాబట్టి ములుగు వైపు కూడ నడుస్తది. నేను ఇది తెల్వక మొదటి అక్టోబర్ అంతా ములుగు రోడ్డు మీద ఆత్మకూరు దాటినంక ఒకే పొలంల కూసొని కెమెరాను తిట్టిన.

అన్నిటికంటే మంచి జాగ లక్నవరం కాదు, రామప్ప కాదు, మీ చుట్టాల పొలం. నిజంగ. పర్మిషన్ పంచాయితీ ఉండదు, బాయి ఎక్కడుందో చెప్పేటోళ్ళుంటరు. రామప్ప లాంటి ఏఎస్‌ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కింద ఉన్న గుళ్ళల్ల ట్రైపాడ్ పెట్టాలంటేనే పర్మిషన్ కావాలె, రాత్రి అయితే గేట్ మూసేస్తరు. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల లోపలికి రాత్రి పోవొద్దు, ఫారెస్టోళ్ళు పట్టుకుంటే తప్పు మనదే. మేడారం జాతర అప్పుడు ఆ రోడ్డు మొత్తం లైట్లు, దుమ్ము, పైగా జాతర వచ్చేది మాఘ పున్నమికి, మనకు ఎట్లాగూ పనికిరాని రోజులు, అప్పుడు మంచిగ అమ్మవార్లను దర్శనం చేసుకొని బంగారం పట్టుకొని రండి.

ఇగ పైలం ముచ్చట. చీకట్ల మన పొలాలల్ల రెండు ఉంటయి, పాములు సరే అందరికీ తెలుసు. ఒకటి గోడ లేని బాయిలు, పైన గడ్డి పెరిగి ఉంటది, చుక్కలు చూసుకుంట వెనక్కి నడిచినోడికి తెల్వదు. రెండోది ఇంకా భయం, అడవి పందులకు కొందరు పొలం చుట్టు కరెంట్ తీగలు పెడ్తరు. చట్టం ఒప్పుకోదు, అయినా పెడ్తరు, మనుషులు పోతున్నరు. అందుకే పొద్దు ఉండంగనే పోవాలె, పొలమాయనను అడిగి చుట్టు తిరిగి చూడాలె, చీకటి పడ్డంక కొత్త గట్టు ఎక్కొద్దు. షూ వేసుకోండి, చెప్పులతోటి రాకండి. ఇంట్ల లొకేషన్ పంపండి. పెట్రోలింగ్ పోలీసులు ఆపితే ఐడీ కార్డు చూపించి కెమెరా వెనుక స్క్రీన్ మీద తీసిన ఫోటో చూపెట్టండి, నాకు రెండుసార్లు అయింది, రెండోసారి ఆ కానిస్టేబుల్ శనిగ్రహం కనపడ్తదా అని అడిగి పది నిమిషాలు నిలబడ్డడు.

మొదటి రాత్రి

ఫార్వర్డ్ గేర్‌ల వచ్చి హెడ్‌లైట్ వేసి అందరి మీద కొట్టకండి. కండ్లు చీకటికి అలవాటు పడనీకి ఇరవై ముప్పై నిమిషాలు పడ్తది, ఒక్క తెల్ల టార్చ్‌తోటి అది మళ్ళీ సున్నా. బండి రోడ్డు వైపు తిప్పి పెట్టండి, పోయేటప్పుడు రివర్స్ లైట్లు పడకుండ. టార్చ్‌కు ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు వేసి రబ్బర్ బ్యాండ్ పెట్టండి. ఫోన్ బ్రైట్‌నెస్ పూర్తిగ తగ్గించండి. లేజర్ పాయింటర్ కొత్తోళ్ళు ముట్టొద్దు, పైన విమానాలు పోతుంటయి. సంక్రాంతి దగ్గరి అమావాస్య అయితే ఎవరో ఒకరు సకినాలు తెస్తరు, సర్వపిండి తెస్తరు, తినండి, కానీ ఆ నూనె చేతులతోటి పక్కోడి లెన్స్ ముట్టకండి, గొడవలు అయినయి.

కెమెరా ఏదైనా సరే. మన దగ్గర పెండ్లి ఫోటోగ్రాఫర్లు మిర్రర్‌లెస్‌కు మారుతుంటరు, పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు చవకగ అమ్ముకుంటరు, నాది అట్ల దొరికిందే, కిట్ లెన్స్‌తోటి (కెమెరాతోటి పాటే వచ్చే మామూలు లెన్స్). పెండ్లిళ్ళల్ల మస్తు అరిగి ఉంటది, పర్వాలేదు, షట్టర్ కౌంట్ (ఇప్పటిదాక ఎన్ని ఫోటోలు తీసిందో) అడిగి బటన్లు నొక్కి చూసుకోండి.

సెట్టింగ్స్ చెప్త. మాన్యువల్ మోడ్. రా ఫైల్ల (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైల్) తియ్యాలె, జేపెగ్ ఒక్కటే తీస్తే తర్వాత ఏం చెయ్యలేరు. లెన్స్ మీద స్టెబిలైజర్ ఉంటే ఆఫ్. ఐఎస్ఓ 1600 నుంచి 3200. లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత తెరవండి, కిట్ లెన్స్ అయితే 18 ఎంఎం దగ్గర ఎఫ్ 3.5. షట్టర్ ఎంతసేపు అనేదానికి పాత లెక్క ఒకటుంది, 500ను లెన్స్ ఎంఎంతోటి, మళ్ళీ సెన్సర్ క్రాప్ (సెన్సర్ ఎంత చిన్నదో చెప్పే అంకె) తోటి భాగించాలె. క్యానన్ చిన్న సెన్సర్‌కు క్రాప్ 1.6, అంటే 18 ఎంఎంకు 500 బై 28.8, దాదాపు 17 సెకన్లు. నేను 15 పెడ్త. అంతకు మించితే భూమి తిరుగుడుకు చుక్కలు గీతలు అయితయి, గంటకు 15 డిగ్రీలు జరుగుతది మరి ఆకాశం. 50 ఎంఎం లెన్స్ పెడితే 6 సెకన్లు వస్తది లెక్కల, 4 పెట్టుకోండి, కొత్త సెన్సర్లు చిన్న గీత కూడ పట్టేస్తయి. బటన్ చేతితోటి నొక్కొద్దు, రెండు సెకన్ల టైమర్, లేకుంటే ఐదారు వందలల్ల దొరికే వైర్ రిమోట్.

ఇగ ఫోకస్. అందరూ ఫెయిల్ అయ్యేది ఇక్కడనే. లెన్స్ మీద ఇన్ఫినిటీ గుర్తు ఉంటది, దాన్ని నమ్మకండి. ఆటో ఫోకస్ చీకట్ల పని చెయ్యదు. మాన్యువల్‌కు మార్చి, లైవ్ వ్యూ (వెనుక స్క్రీన్ మీద చూసుడు) ఆన్ చేసి, బాగ మెరిసే చుక్కను నడిమికి తెచ్చి, స్క్రీన్ మీద 10 రెట్లు జూమ్ చెయ్యండి. చలికాలం లుబ్ధకం ఉంటది, అదే సిరియస్, ఆకాశంల దానికంటే మెరిసే నక్షత్రం లేదు. ఫోకస్ రింగ్ వెంట్రుక వాసి తిప్పుకుంట పోతే ఆ చుక్క చిన్నగైతది, చిన్నగైతది, మళ్ళీ పెద్దగ అయితది, ఆ అతి చిన్న పాయింట్‌కు వెనక్కి రావాలె. వచ్చినంక రింగ్ మీద మైక్రోపోర్ టేప్ వెయ్యండి, మెడికల్ షాపుల దొరికే తెల్లది. నేను ఒకసారి టేప్ వెయ్యకుండ, మంచు తుడుద్దామని జేబురుమాలు పెట్టిన, రింగ్ కదిలింది, చూసుకోలే, మూడు గంటలు తీసిన ఫోటోలల్ల ఒక్క చుక్క లేదు, అన్నీ గారెలు, నడుమ తూట్లతోటి. ఇప్పుడు ప్రతి ఇరవై ఫోటోలకు ఒకసారి జూమ్ చేసి చూస్త. మంచుకు మందు ఏందంటే లెన్స్ చుట్టు చుట్టే యూఎస్‌బీ హీటర్ పట్టీలు దొరుకుతయి, పవర్ బ్యాంక్‌కు పెట్టుకోవచ్చు, మేము మొదట్ల లెన్స్ హుడ్ ఒక్కటే పెట్టి నెట్టుకొచ్చినం.

ఆ గారెల రాత్రే పొలం ముసలాయన వచ్చిండు, మోటర్ పెట్టనీకి. "ఏం పట్టుకుంటున్నరు బిడ్డా గింత రాత్రి?" అన్నడు. చుక్కల ఫోటోలు తాతా అన్న. ఆయన తలెత్తి ఒక్కసారి చూసి, "పిల్లలకోడి నెత్తిమీదికొచ్చింది, పది దాటింది" అన్నడు. ఫోన్ తీసి చూస్తే పది నలభై. గడియారాలు లేనప్పుడు కాపలాకు పోయినోళ్ళు గట్లనే చూసుకునేటోళ్ళట. మేము స్టెల్లేరియంల వేళ్ళు అరగదీసుకుంట వెతికేది ఆయనకు గోడ మీద గడియారం లెక్క. మీ దగ్గర కూడ ఇసొంటి తాతలుంటరు, కార్తెల పేర్లు, చుక్కల పేర్లు అడిగి రాసుకోండి, ఇది కూడ గ్రూప్ పనే అని నా అభిప్రాయం.

ఏం తియ్యాలె

మొదటి నెల ఒకటే టార్గెట్ పెట్టుకోండి, మూడు నాలుగు కాదు. చలికాలం అయితే ఓరియన్ నెబ్యులా, మృగశిర, ఆర్ద్ర చుక్కల ఏరియాల మూడు చుక్కల వరుస ఉంటది కదా, దాని కింద వేలాడుతున్నట్టు మసక మసకగ కనపడ్తది. 1,300 కాంతి సంవత్సరాల దూరంలున్న వాయువు, ధూళి మేఘం, కొత్త చుక్కలు పుడ్తున్న జాగ, 50 ఎంఎం లెన్స్‌కే గులాబీ రంగు వచ్చేస్తది, మొదటిసారి స్క్రీన్ మీద చూసినప్పుడు కేక పెట్టని మనిషిని నేను చూడలే.

ట్రాకర్ (ఆకాశంతోటి పాటు కెమెరాను తిప్పే చిన్న మోటర్) లేకుండ మంచిగ వచ్చేది ఇంకోటి స్టార్ ట్రెయిల్స్. చుక్కలు గీతలైతే తప్పన్నం కదా, ఇక్కడ గీతలే కావాలె. ధ్రువ నక్షత్రం మనకు కిందికే ఉంటది కాబట్టి ముందట తాటిచెట్టు ఒకటి పెట్టుకొని ఉత్తరం వైపు 30 సెకన్ల ఫోటోలు ఆపకుండ 120 తియ్యండి, గంట అయితది, స్టార్‌స్టాక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ల వేస్తే చెట్టు చుట్టు రింగులొస్తయి. కాశ్మీరోళ్ళకు ధ్రువుడు ఎత్తుల ఉంటడు, చెట్టుతోటి కలిపి ఫ్రేమ్‌ల పట్టుడు జర కష్టం, ఇది మన అదృష్టం.

అదృష్టం అంటే దక్షిణం సంగతి కూడ చెప్పాలె. ఏప్రిల్ నడుమల రాత్రి పదకొండుకు దక్షిణాన దిగంతానికి 12 డిగ్రీల ఎత్తుల త్రిశంకు కనపడ్తది, సదరన్ క్రాస్. అర్ధరాత్రికి దాని పైన ఎడమ దిక్కు ఒమేగా సెంటారి, లక్షల చుక్కల గుంపు, కంటికి మసక చుక్క లెక్క ఉంటది. యూరప్‌ల ఎక్కువ జాగల్ల ఇవి అసలు కనపడనే కనపడవు, విమానం ఎక్కి వేరే దేశం పోతరు. మనం నర్సంపేట పోతే చాలు.

చంద్రుడికి ఏ ఊరైనా ఒకటే, డాబా మీది నుంచే. ఎఫ్ 11, ఐఎస్ఓ 100, షట్టర్ 1/100, పున్నమి చంద్రుడికి ఇక్కడ మొదలుపెట్టి అటు ఇటు జరపండి. గ్రూప్‌ల ఎవరి టెలిస్కోప్ అన్నా ఉంటే ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే భాగం) ఫోన్ ఆనించి తియ్యొచ్చు, అడిగి.

కంప్యూటర్ పని

ఒక్క ఫోటో చూస్తే నిరాశనే. అందుకే ఒకే దాన్ని 40, 100 సార్లు తీసి కలుపుతరు, స్టాకింగ్ అంటరు. నాయిస్ ప్రతి ఫోటోల వేరే జాగల పడ్తది, చుక్క మాత్రం అక్కడనే ఉంటది, కలిపి సగటు తీస్తే నాయిస్ కరుగుతది. ఎంత కరుగుతది అంటే వర్గమూలం లెక్క, 16 ఫోటోలు కలిపితే 4 రెట్లు మెరుగు, 100 అయితే 10 రెట్లు. ఆఖరుకు లెన్స్ క్యాప్ పెట్టి అదే సెట్టింగ్స్‌తోటి ఒక ఇరవై నల్ల ఫోటోలు తియ్యండి, డార్క్స్ అంటరు, సెన్సర్ సొంత చెత్తను దాంతోటి తీసేస్తం. ఇవి అక్కడనే, ఆ చలిలనే తియ్యాలె, ఇంటికొచ్చి తీస్తే టెంపరేచర్ వేరే అయితది.

కింద నేల కూడ ఉన్న పాలపుంత ఫోటోలకు సీక్వేటర్, ఒట్టి ఆకాశానికి సిరిల్ లేకుంటే డీప్ స్కై స్టాకర్, మూడూ ఫ్రీ. పాత ల్యాప్‌టాప్ అయితే రాత్రి పెట్టి పండుకోండి. తర్వాత కర్వ్స్ (వెలుగు, చీకటి సరిచేసే గీత) జరుపుకుంట పోవుడే, దీనికి గ్రూప్‌ల ఒక ఆదివారం పొద్దుగాల ఎవరింట్లనో కూసుంటే రెండు గంటలల్ల వస్తది, ఒక్కరే వీడియోలు చూస్తే రెండు నెలలు. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి, ఆకాశాన్ని కాటుక నలుపు చెయ్యకండి, ముదురు బూడిద రంగుల ఆపండి, నలుపు చేస్తే సన్న చుక్కలన్నీ పోతయి.

ఇదేదో ఇప్పటి ఫ్యాషన్ అనుకోకండి. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ, నవాబ్ జఫర్ జంగ్ 1901ల పెట్టింది, ప్రపంచం మొత్తం అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకొని ఫోటోలు తీసిన ప్రాజెక్టుల దానికి దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. గాజు పలకల మీద తీసి, కొలిచి, 7 లక్షల 60 వేలకు పైగ చుక్కల లెక్క తేల్చిన్రు. ల్యాప్‌టాప్ స్లో ఉంది అని నాకు కోపమొచ్చినప్పుడు ఆ పలకలు కొలిచినోళ్ళు యాదికొస్తరు.

ఇప్పుడు కొనొచ్చు

మూడు అమావాస్యలు అయినంక. ముందు గట్టి ట్రైపాడ్, గాలికి ఊగనిది. తర్వాత 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్, వాడుడప్పుడు 2.2, 2.8 దగ్గర పెడితే మూలలల్ల చుక్కలకు రెక్కలు రావు. ఆ తర్వాతనే ట్రాకర్, స్కై వాచర్ వాళ్ళది గ్రూప్‌ల ఎవరిదన్నా ఒక రాత్రి వాడి చూడండి. ట్రాకర్‌కు ధ్రువుడు కనపడాలె, మనకు 18 డిగ్రీలల్లనే ఉంటడు అని చెప్పిన కదా, ఉత్తరాన మామిడి తోట ఉన్న జాగల ట్రాకర్ దండగ. పైగా ధ్రువుడు సరిగ్గ ఉత్తర ధ్రువం మీద లేడు, అర డిగ్రీకి పైనే పక్కకు ఉంటడు, యాప్‌ల చూసి ఆ తేడా సరిచెయ్యాలె. టెలిస్కోప్ ఆఖరు, చాలా ఆఖరు. నేను ఇంకా కొనలే.

ఫోటో పెట్టేటప్పుడు

కింద ఏ ఊరు, ఏ తేదీ, ఎన్ని సెకన్లు, ఎన్ని ఫోటోలు రాయండి. పక్కోడు నేర్చుకుంటడు, రెండేండ్ల తర్వాత మీరూ నేర్చుకుంటరు. నేల ఒక రోజు, ఆకాశం ఒక రోజు తీసి కలిపితే తప్పేం లేదు, కలిపిన అని రాయండి. ఒకాయన గుడి గోపురం మీద పాలపుంత నిలబెట్టిండు, వెయ్యి లైకులు, మా సారు చూసి నెమ్మదిగ అడిగిండు, అది ఉత్తరం దిక్కు కదా, ధనుస్సు రాశి (పాలపుంత నడిమి భాగం ఉండేది అండ్లనే) అక్కడికి ఎప్పుడొచ్చింది అని. ఆయన రిప్లై ఇయ్యలే. మరుసటి అమావాస్యకు మాత్రం వచ్చిండు, ట్రైపాడ్ పట్టుకొని, దక్షిణం ఎటు అని అడుక్కుంట.